అల్లం గోదాములో మనోరమ

మా ఆవిడ మనోరమ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయింది. టీవీ నిలబడి చూస్తుంది. అన్నం వంటింటి గడపలో నిలబడి తింటుంది. బస్టాండులో పది నిమిషాలు బస్సు రాకపోతే ఈ కొస నుంచి ఆ కొసకు ఆరుసార్లు తిరుగుతుంది. డాక్టరుకు చూపించాను. బీపీ లేదు, షుగర్ లేదు, థైరాయిడ్ కూడా లేదు. "ఆమెకు చేతినిండా పని లేదేమో" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. ఇల్లంతా ఆమే చూసుకుంటుంది, మధ్యాహ్నం నేను భోంచేసి నడుం వాలిస్తే నా ఎరువుల షాపులో కౌంటరు కూడా ఆమే చూస్తుంది, ఇదంతా పని కాదా అని దులిపేసి వచ్చాను. డాక్టరు మాటలో తప్పులేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అవన్నీ నా పనులు.

నిరుడు మా అమ్మాయి సహస్ర నర్సింగ్ చదువుకని హైదరాబాద్ వెళ్ళాక ఈ తిరుగుడు మరీ ఎక్కువైంది. ఆ రోజుల్లోనే, హైవే పక్కనున్న ప్రైవేటు ఆడపిల్లల హాస్టల్ స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ పూలమొక్కలకు మందు కొనడానికి మా షాపుకు వచ్చింది. పిల్లలకు ఆత్మరక్షణ నేర్పించాలని ఉందనీ, మగవాళ్ళను పెట్టుకోలేమనీ, ఆడమనిషి ఎవరూ దొరకడం లేదనీ మాటల్లో చెప్పింది. కౌంటరు వెనకనుంచి మనోరమ, "నేను నేర్చుకొని చెప్తే పెట్టుకుంటరా మేడమ్?" అంది. నేను నవ్వాను. మేడమ్ నవ్వలేదు.

"జూడోల పసుపు బెల్టన్న ఉండాలె. జూన్‌ల స్కూల్ తెరిచేటాలకు సర్టిఫికెట్ తెస్తే ఆ పని మీకే ఇస్త" అని మాటిచ్చి వెళ్ళింది.

నలభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పులని జండూబామ్ రాసుకునే మనిషి, మర్నాడే నసీరుద్దీన్ సార్ క్లబ్బు ఎక్కడో కనుక్కుంది. ఆయన రైల్వేలో జూడో ఆడి, అక్కడే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంతూరికి వచ్చాడు. మార్కెట్ వెనక ఒక అల్లం గోదాము సగం ఖాళీగా ఉంటే, అందులో మందపాటి చాపలు పరిచి క్లబ్బు తెరిచాడు. మిగతా సగంలో అల్లం మూటలే. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా ఆడవాళ్ళకు. ఆడవాళ్ళంటే బడిపిల్లలు ఏడుగురు, మా ఆవిడ, మక్సూదా. మక్సూదా టైలర్. జూడోకు వేసుకునే తెల్లకోట్ల కొలతలు తీసుకోవడానికి వచ్చి, చూసి చూసి తనూ చేరిపోయింది. బరువులో ఇద్దరూ సరిసమానం కాబట్టి వాళ్ళిద్దరినీ జోడీ చేశాడు సార్.

నేను స్కూటర్ మీద దింపి బయటే ఉండేవాణ్ణి. లోపలినుంచి ధబ్బుమని చప్పుడు వచ్చినప్పుడల్లా నడుం విరిగింది ఈవిడదే అనుకునేవాణ్ణి. ఏం చెయ్యాలో తోచేది కాదు. రోడ్డు మీదికి పోయి, మా ఊరి ఫ్యాక్టరీ నుంచి కొత్త ట్రాక్టర్లు మోసుకుపోయే లారీలను చూసేవాణ్ణి, టీ తాగేవాణ్ణి, మళ్ళీ వచ్చేవాణ్ణి. తెలిసినవాళ్ళు ఎదురైతే అల్లం ధర కనుక్కుందామని వచ్చానని చెప్పేవాణ్ణి. రెండు నెలలు అదే మాట చెప్పాను.

మొదటి నెలంతా పడటమే నేర్పారు. గడ్డం రొమ్ముకు ఆనించి, అరచేత్తో నేలను చరిచి పడాలట. అలా పడితే తల తగలదట. ఇంట్లో పరుపు నేలమీద పరిచి మనోరమ పొద్దున యాభైసార్లు పడేది. కింద వాటాలో అద్దెకుండేవాళ్ళు "అన్నా, అంత మంచిదేనా?" అని నన్ను అనుమానంగా అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంక చాలించమన్నాను. ఆమె విన్నట్టే తలూపి, మళ్ళీ పడింది.

నడుం మీదికి ఎత్తుకొని పడేసే పట్టు రెండు వారాల్లో వచ్చేసింది. చిక్కంతా కాలి పట్టు దగ్గర వచ్చింది. దానికి నోరు తిరగని జపాన్ పేరేదో ఉంది. అవతలి మనిషి అడుగు వెయ్యబోయే క్షణంలో మన పాదంతో వాళ్ళ మడమను చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చెయ్యాలి, అదే సమయంలో చేతులతో లాగాలి. మనోరమ పాదం మక్సూదా కాలికి తగలగానే ఆమె రెండు చేతులూ పట్టు వదిలేసేవి. వంగి మక్సూదా కాలిని తాకి కళ్ళకద్దుకునేది. కాలు తగిలితే మొక్కడం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నదే, బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు తగిలినా చేస్తాం. ఆమె బుద్ధికి తెలియకుండానే చెయ్యి పోతోంది.

"అక్కా, నన్ను పడేస్తున్నవా, మొక్కుతున్నవా?" అని మక్సూదా మొదట్లో పడీ పడీ నవ్వింది.

ఏప్రిల్ నెలాఖరున ఆ నవ్వు ఆగిపోయింది. ఆ రోజు ఊడ్పు సరిగ్గా కుదిరి మక్సూదా గాలిలోకి లేచింది. అప్పుడు వదిలేసింది ఈ మహాతల్లి. లాగి పట్టుకునే చెయ్యి లేక మక్సూదా అడ్డదిడ్డంగా వచ్చి మణికట్టు మీద పడింది. దవాఖానకు నేనే తీసుకెళ్ళాను. ఎముక చిట్లింది, నాలుగు వారాలు కట్టు. కుట్టుపనే ఆధారమైన మనిషి. పైగా పసుపు బెల్టు పరీక్ష అప్పటికి పదిహేను రోజులే ఉంది.

నసీరుద్దీన్ సార్ గొంతు పెంచగా నేను వినడం అదొక్కసారే. "బహెన్, పడేసెటోళ్ళు చెయ్యి ఇడవద్దు. నువ్వు పట్టుకుంటెనే ఆమె నెత్తి, నడుము సలామత్ ఉంటయ్. మొక్కేది ఉంటే లేచినంక మొక్కు. నడిమిట్ల మొక్కితె చెయ్యి ఇరుగుతది, గిట్లనే."

ఇంటికొచ్చి మనోరమ చాలాసేపు ఏడ్చింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వరండాలోకి తిరుగుతూనే ఏడ్చింది. పోనీ మానెయ్, పీడా పోతుందన్నాను. ఏడుపు ఆపి నా వైపు తిరిగింది.

"మీరు నిలబడుండ్రి" అంది.

"ఎందుకు?"

"నాకు జోడీ లేదు. పదిహేను దినాలల్ల పరీక్ష. ఇంట్ల మీరే ఉన్నరు. బరువు గూడ సరిపోతది."

పొద్దున్నే తలుపులూ కిటికీలూ వేసి మొదలుపెట్టాం. ముందు నాకు పడటం నేర్పింది. నేర్పేటప్పుడు ఆమెను చూడాలి, గడ్డం, గడ్డం అని కసురుతూ నా తల పట్టుకొని వంచేది. నన్ను ఇంట్లో అంత గట్టిగా ఎవరూ కసరలేదు. కాలి పట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది. మక్సూదాతో చెయ్యి మాత్రమే వదిలేది. నాతో మనిషే వెనక్కి పోయింది. "మీకు కాలు తాకిచ్చుడు నాతోని కాదు" అంది.

నా కాలు ఆమెకు ఎన్నిసార్లు తగిలి ఉంటుందో అప్పుడు తట్టింది. మంచం మీద, సినిమా హాల్లో, స్కూటర్ ఎక్కేటప్పుడు. ఒక్కసారైనా నేను మొక్కానా అంటే లేదు. మొక్కాలని కూడా అనిపించలేదు. సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"నేనేం దేవుణ్ణి కాదు, తన్ను" అని అరిచాను.

తన్నింది. మొక్కింది. మళ్ళీ తన్నింది. ఎనిమిదో రోజుకు చెయ్యి వదలడం మానేసింది. నేను ఇరవైసార్లు పడ్డాను, ముప్ఫైసార్లు పడ్డాను. కానీ అందులో సగం నేనే పడ్డాను. ఆమె పాదం ఆనీ ఆనకముందే నేలమీద ఉండేవాణ్ణి. ఎంత తొందరగా పడితే అంత తొందరగా షాపు తెరుచుకోవచ్చని నా లెక్క. "మీ అంతల మీరే పడుతున్నరు" అని ఆమె రెండుసార్లు అంది. లేదన్నాను.

పరీక్ష ఆదివారం పొద్దున పదిగంటలకు. సంగారెడ్డి నుంచి ఎగ్జామినర్ మేడమ్ వచ్చింది. బడిపిల్లలు ముప్ఫై, ముప్ఫై ఐదు కిలోల వాళ్ళు, మనోరమకు జోడీ కాదు. "మదన్ భాయ్, పడుడు నేర్చినవంట కద, నువ్వే రా" అన్నాడు నసీరుద్దీన్ సార్, తన స్పేర్ కోటు నా చేతిలో పెడుతూ. నాలుగు గోడల మధ్య పడటం వేరు. కాదంటే ఆమె పరీక్ష లేదు. వేసుకున్నాను.

మే నెల ఎండకు గోదాము షట్టర్ పూర్తిగా ఎత్తేశారు. అవతలి సగంలో విత్తనపు అల్లం కోసం రైతులు వచ్చి ఉన్నారు. తెల్లకోటులో నన్ను చూసి మూటలు వదిలేసి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ముందు వరసలో రాయికోడ్ సంగప్ప. పదేళ్ళుగా నా దగ్గరే మందులు కొంటాడు, నా మాట మీదే పిచికారీ చేస్తాడు. వాళ్ళందరి ముందూ నా పెళ్ళాం నన్ను కాలితో కొట్టి పడెయ్యాలి.

నడుం పట్టు చేసింది, పడ్డాను, బాగానే ఉంది. కాలి పట్టు అన్నారు. మనోరమ నా కాలర్, మోచెయ్యి దగ్గర బట్ట పట్టుకుంది. పాదం వచ్చింది. నేను బిగుసుకున్నాను. కావాలని చేశావా అంటే, కావాలనే చేశాను. మడమలు చాపలో దింపి గుంజలాగా నిలబడ్డాను. ఆమె లాగింది, నేను కదల్లేదు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. మనోరమ నా మొహంలోకి చూసింది. ఆమెకు అర్థమైపోయింది. మేడమ్ ఏదో రాసుకొని, "ఇంకొక్క ఛాన్స్" అంది.

ఈసారి మనోరమ తొందరపడలేదు. నన్ను పక్కకు నడిపించింది, ఒక అడుగు, రెండడుగులు. నేను బిగబట్టే ఉన్నాను. పళ్ళు కూడా బిగబట్టాను. ఎంత బిగబట్టినా మూడో అడుగు వెయ్యక తప్పదు కదా, కాలు లేచింది. అంతే, కింద నేల లేదు. పైన రేకులు కనిపించాయి. అరచెయ్యి దానంతటదే చాపను చరిచింది. నా కుడిచేతి బట్ట ఆమె రెండు పిడికిళ్ళలో ఉంది, అందుకే నా తల నేలకు తగల్లేదు. లేచి కూర్చునేదాకా ఆమె వదల్లేదు, మొక్కలేదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"ఒక్క నిమిషం. ఫస్ట్ సారి ఇంచు కదల్లే. రెండోసారి గాలిల లేచిన్రు. భార్యాభర్తలు కాబట్టి అడుగుతున్న, ఏమనుకోవద్దు. సార్, నిజం చెప్పుండ్రి. మీ అంతల మీరే దుంకిన్రా? దుంకితె ఇది లెక్కకు రాదు. మళ్ళ పరీక్ష ఆర్నెల్లకే."

ఆర్నెల్లంటే నవంబరు. స్కూలు జూన్‌లో వేరేవాళ్ళను చూసుకుంటుంది. ఆ సంగతి గోదాములో మా ఇద్దరికీ, కట్టుతో వచ్చి గోడవార కూర్చున్న మక్సూదాకూ తెలుసు.

"గంతే మేడమ్" అన్నాడు సంగప్ప షట్టర్ దగ్గరినుంచి నవ్వుతూ. "మా సేట్‌కు వదినంటే పానం. ఆయననే పడ్డడు. లేకుంటే సేట్ గట్ల పడెటోడా?"

వాడు నాకు మేలే చేస్తున్నాననుకున్నాడు. నేను నోరు తెరవక్కర్లేదు, ఒక చిన్న నవ్వు నవ్వితే చాలు. రేపు షాపులో తలెత్తుకొని కూర్చోవచ్చు, పెళ్ళాం కోసం పడ్డ మంచి మొగుణ్ణని పేరు కూడా వస్తుంది. నిజం చెప్తున్నాను, ఆ నవ్వు నా పెదాల దాకా వచ్చింది. మనోరమ బెల్టు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. ముడి పడటం లేదు. నేనేం చెప్తానో ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియడం లేదు.

"నేను దుంకలే మేడమ్" అన్నాను. "మొదటిసారి కావాల్నని బిగబట్టిన. రెండోసారి గూడ బిగబట్టిన. నాతోని కాలే."