వెనక తలుపు ఎక్కడ?

ఉనైసి ఏ ఇంటికి వెళ్ళినా ముందు వెనక తలుపు ఎక్కడని అడుగుతుంది. పెళ్ళికి పిలిచినా అంతే, చావుకి వెళ్ళినా అంతే. మా చెల్లెలి గృహప్రవేశానికి వచ్చి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా వంటింట్లోకి నడిచి, గడియ లాగి చూసి, అది బిగుసుకుపోయింది నూనె వెయ్యమని చెప్పి, అప్పుడొచ్చి చాప మీద కూర్చుంది. మా చెల్లెలు మొహం మాడ్చుకుంది. నేను మాత్రం మర్నాడే వెళ్ళి నూనె వేసొచ్చాను.

మా దీవిలోని లంబాసా ఊళ్ళో, ఫైర్ స్టేషన్లో నేను బండి డ్రైవర్ని, పంతొమ్మిదేళ్ళుగా. ఉనైసి మా బృందానికి పెద్ద. బజార్లో ఎవడో ఒకడు రోజూ అంటాడు, మీకేం బాబూ, గంట మోగేదాకా యంగోనా వేరు కషాయం తాగుతూ కూర్చుంటారు అని. ఆ మాట అన్నవాణ్ణి ఒక్క రోజు మా బూట్లలో నిలబెట్టాలని నాకు ఎప్పట్నుంచో కసి. పొద్దున్నే హాజరు, ఆ వెంటనే పంపు నడిపి చూడాలి. నిన్న వాడిన గొట్టాలు కడిగి ఆరేయాలి. గాలి సిలిండర్ల మీటరు ముల్లు ఒక్కొక్కటీ చూడాలి, ఎందుకంటే పొగలో మనిషి ప్రాణం ఆ ముల్లు మీదే ఉంటుంది. తర్వాత వీధివీధికీ తిరిగి మా నీటి కొళాయిలు పని చేస్తున్నాయా అని చూడాలి. ఆ కొళాయి మీదే చెరకు లారీ ఆపి, టీకి పోయే మహానుభావుణ్ణి వెతికి పట్టుకోవాలి. బళ్ళకెళ్ళి పిల్లలకి మంటల జాగ్రత్తలు చెప్పాలి. షాపులు, హాళ్ళు, హాస్టళ్ళు తనిఖీ చెయ్యాలి. మంట ఆర్పడానికి వెళ్ళేది వారానికి రెండుసార్లు. ఊళ్ళోవాళ్ళకి కనపడేది ఆ రెండుసార్లే.

తనిఖీ అంటే ఉనైసికి ఉన్నంత పట్టుదల నేను ఎవరిలోనూ చూడలేదు. దానికి కారణం ఉంది. ఆమె కొత్తగా చేరిన ఏడు ఒక బట్టల గోడౌను అంటుకుంది. వెనక తలుపుకి దొంగల భయంతో బయటనుంచి తాళం వేశారు. లోపల కాపలా ముసలాయన ఉన్నాడని మాకెవ్వరూ చెప్పలేదు. తలుపు పగలగొట్టినప్పుడు ఆయన ఆ తలుపుకి ఆనుకునే ఉన్నాడు. శవాన్ని ఉనైసే మోసుకొచ్చింది. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. మర్నాటి నుంచి ఎక్కడికెళ్ళినా ఆ ఒక్క ప్రశ్నే.

ఇప్పుడు చెప్పబోయేది ఆమె మేనమామ ఊళ్ళో జరిగింది. ఆయన పేరు అపిసాయి. చర్చికి పెద్ద, ఆడపిల్లల బడి కమిటీకి పెద్ద, మాట తప్పని మనిషి. తుఫానుకి ఆ బడి హాస్టలు కప్పు ఎగిరిపోయి, నలభై ఎనిమిది మంది పిల్లలు ఏడు నెలలుగా తరగతి గదుల్లో సిమెంటు నేల మీద పడుకుంటున్నారు. ఊరంతా చందాలేసుకుని, వారాల తరబడి ఒళ్ళు వంచి కొత్త హాస్టలు కట్టుకుంది. సోమవారం ప్రారంభం. మా స్టేషను కాగితం ఒక్కటే తక్కువ, ఆ కాగితం మీద సంతకం ఉనైసిది.

మేం వెళ్ళిన రోజు అంతా సవ్యంగానే ఉంది. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, ఎత్తున చిన్న కిటికీలు, వాటికి ఊచలు. ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. రెండూ బార్లా తెరిచి పెట్టారు. ఉనైసి వెనక తలుపు దగ్గర వంగి, లోపలివైపు రెండు ఇనప కొక్కేల్ని వేలితో తడిమింది. వాటి మీద రంగు అప్పుడే గీసుకుపోయి ఉంది.

"ఇక్కడ గొలుసు వేస్తున్నారా మామయ్యా?"

అపిసాయి అబద్ధం ఆడే మనిషి కాదు. రాత్రి తొమ్మిదికి గొలుసేసి తాళం వేస్తామని, పొద్దున ఐదుకి తీస్తామని, తాళంచెవి తన దగ్గరే ఉంటుందని చెప్పాడు. రెండేళ్ళ కిందట ఇద్దరు పిల్లలు పాత హాస్టలు వెనక తలుపులోంచి జారుకుని లంబాసాలో డాన్సుకి పోయారు. ఊరు పరువు పోయింది, పిల్లల తల్లిదండ్రులు వచ్చి ఆయన్నే నిలదీశారు. ఆ అవమానం ఆయనకింకా మానలేదు. మంట పుడితే తన ఇల్లు మూడు నిమిషాల నడకేనని, వచ్చి తీస్తానని అన్నాడు. ఉనైసి ఆయన్ని చూస్తూనే కాగితం మీద 'కాదు' అని రాసింది.

ఇక చూడండి. ఊరు ఊరంతా ఆమె మీద పడింది. పిల్లలు తడి నేల మీద పడుకుంటే నీకేమైనా బాధుందా అన్నారు. సొంత మామ మొహాన కాగితం కొట్టిందన్నారు. ఫోను చేసి తిట్టినవాళ్ళలో ఆమె సొంత తల్లి కూడా ఉంది.

బుధవారం అపిసాయి నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వచ్చాడు. చేతిలో తంబువా ఉంది, అల్లిన తాడు కట్టిన తిమింగలం పన్ను. అది చూడగానే మేమంతా పనులు ఆపేశాం. తంబువా చేతిలోకి అందుకున్నామంటే అడిగింది ఇచ్చేసినట్టే, దానికి తిరుగులేదు. అందుకే ఎవరైనా ముందు ఏమడుగుతున్నారో పూర్తిగా వింటారు, తర్వాతే చెయ్యి చాస్తారు.

మా స్టేషన్ ఆఫీసరు ఇలైతియా చాప మీద ఎదురుగా కూర్చున్నాడు. మంచివాడే కానీ, పెద్దల ముందు మెత్తబడిపోతాడు. వాళ్ళలో ఒకాయన పాత భాషలో ఎత్తుకున్నాడు. ఇలైతియా తాతని పొగిడాడు, తాత తండ్రిని పొగిడాడు, తుఫాను రోజు మేం ఆ ఊరికి చేసిన సాయాన్ని తలుచుకున్నాడు. ఇలైతియా కళ్ళు చెమర్చాయి. ముసలాయన ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాడో లేదో, మావాడు అయిపోయిందనుకుని ఆచారం ప్రకారం చప్పట్లు చరిచి రెండు చేతులా తంబువా అందేసుకున్నాడు. ఆ చేతులు ఆయన్ని అడగను కూడా లేదు. అప్పుడు ముసలాయన తీరిగ్గా మిగతాది చెప్పాడు, సోమవారం లోపు హాస్టలు కాగితం మీద సంతకం పడాలని. ఇలైతియా మొహం పాలిపోయింది. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

వాళ్ళు వెళ్ళగానే ఇలైతియా ఉనైసిని గదిలోకి పిలిచాడు. తలుపు తెరిచే ఉంది, అంతా విన్నాం.

"తంబువా అందుకున్నాం. సంతకం పెట్టెయ్, ఉనైసీ."

"అందుకుంది మీరు సార్. ఆ హాస్టల్లో పడుకునేది పిల్లలు."

ఆయన గొంతు పెంచాడు. ఇది స్టేషను పరువని, పెట్టకపోతే ఎక్కడో దీవిలో పోస్టింగుకి రాస్తానని, ఉద్యోగమే పోవచ్చని అన్నాడు. ఉనైసి గొంతు మాత్రం లేవలేదు. ఒక తెల్ల కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"మీ చేత్తోనే రాయండి సార్. 'గొలుసున్నా ఫరవాలేదు' అని రాసి, కింద మీ పేరు పెట్టండి. దాని కింద నేను పెడతా."

ఇలైతియా కలం తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత కలం మూసి జేబులో పెట్టుకుని, శనివారం దాకా టైమిస్తున్నాను, ఈ తలనొప్పి నువ్వే వదిలించు అన్నాడు.

శనివారం మధ్యాహ్నం రిజిస్టర్లో 'రెండో తనిఖీ' అని రాసి, ఆమె నా పక్క సీట్లో ఎక్కింది. ఏం చేయబోతున్నావు, గొలుసు కోసేస్తావా అని అడిగాను. కోస్తే సోమవారం కొత్తది కొంటాడు అంది. మరి? "నువ్వు బండి నడుపు నాయుడూ, నోరు తర్వాత నడుపుదువు గానీ," అంది.

ఊళ్ళో అందరూ హాస్టలు ముందే ఉన్నారు, పూలు కడుతున్నారు, చాపలు పరుస్తున్నారు. అపిసాయి గుమ్మంలో నిలబడ్డాడు. సంతకానికే వచ్చిందనుకుని ఆయన మొహం విప్పారింది. ఉనైసి నేల మీద కూర్చుని, తల వంచి, అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇవాళ ఫైర్ స్టేషన్ నుంచి రాలేదు మామయ్యా. వసుగా వచ్చాను."

పూలు కడుతున్న చేతులు, చాపలు పరుస్తున్న చేతులు ఆగిపోయాయి. మన మేనమామలు పుట్టువెంట్రుకలకి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు, పెళ్ళికి బుట్టలో మోసుకొస్తారు. ఈ దీవుల వాళ్ళ మేనమామకి అంతకంటే గట్టి బంధనం. చెల్లెలి బిడ్డని వసు అంటారు, ఆ హక్కుతో వచ్చి ఏది కావాలన్నా, పంది కానీ పడవ కానీ, కాదనడానికి నోరు రాకూడదు. ఉనైసి పుట్టి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ ఊళ్ళో ఇంతవరకూ ఒక్క కోడిపిల్ల కూడా అడగలేదు.

అపిసాయి తెలివైనవాడు. చిన్నగా నవ్వాడు. "పంది తీసుకెళ్ళవే, చాపలు తీసుకెళ్ళు. ఈ తలుపు మాత్రం నాది కాదు, చర్చిది. దాని మీద నీ హక్కు చెల్లదు."

"తలుపెవరడిగారు? నాకు నువ్వు కావాలి. పది నిమిషాలు."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన కాదనలేడు. కాదంటే అక్కడున్న పెద్దలే ఊరుకోరు.

ముందు రాత్రిపూట వేసినట్టే వెనక గొలుసు వేయమంది. ఆయన వేసి, తాళం బిగించి, చెవి తను నడుముకి చుట్టుకున్న సులు పంచె జేబులో వేసుకున్నాడు. హాలు మధ్యలో ఒక మంచం మీద పడుకోమంది. మా బండిలోని టవల్ తడిపి ఆయన కళ్ళకి కట్టింది, పొగలో ఇంతకంటే ఎక్కువ కనపడదని చెప్పింది. నన్ను ముందు గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, మంట ఇటే పుట్టిందని ఆయనకి చెప్పింది. ఆమె బయటనుంచి చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికెళ్ళింది. మంట అని అరిచింది. నేను ఇనప బకెట్టు మీద కర్రతో బాదడం మొదలుపెట్టాను.

ఆయన లేచాడు, నవ్వుతూనే లేచాడు. మొదటి మంచానికి మోకాలు కొట్టుకుంది. రెండో దానికి పొట్ట తగిలింది. నేను ఇంకా గట్టిగా బాదాను. మూడో మంచం దగ్గర దారి తప్పి గోడకి తగిలి, గోడ తడుముకుంటూ వెనక తలుపు వైపుకి నడిచాడు. అప్పటికి మొహంలో నవ్వు లేదు. తలుపు దొరికింది. తోశాడు. గొలుసు గలగలమంది కానీ తలుపు రాలేదు. భుజంతో గుద్దాడు. రెండు చేతులా గొలుసు పట్టుకుని గుంజాడు. తర్వాత పిడికిళ్ళతో తలుపు బాదుతూ కేక పెట్టాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎవరైనా తాళంచెవి తీసుకురండి!"

నా చేతిలో కర్ర ఆగిపోయింది. ఆయన మళ్ళీ అరిచాడు, ఈసారి గొంతు చీరుకుపోయింది. ఆయన మనవరాలు కూడా ఆ నలభై ఎనిమిది మందిలో ఒకతి, బయట వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల ఏడుపు లోపలికి వినపడింది.

తలుపుకి అవతలనుంచి ఉనైసి అంది, "మామయ్యా. అది నీ జేబులోనే ఉంది."

ఆయన చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. చెవి తీసినా కన్నం దొరకలేదు. రెండుసార్లు కింద పడేసుకున్నాడు, నేల మీద పాకి వెతుక్కున్నాడు. వెళ్ళి సాయం చెయ్యాలని నా మనసు పీకింది. వెళ్ళలేదు. చివరికి గొలుసు జారి కింద పడింది.

వెలుతుర్లోకి వచ్చాక ఉనైసి గడియారం చూసి, ఆరు నిమిషాలు అంది. పొగ రెండు నిమిషాలకంటే ఎక్కువ ఇవ్వదని ఊరందరికీ వినపడేలా చెప్పింది. తర్వాత మాత్రం ఆయనకే చెప్పింది.

"నీ దగ్గర తాళంచెవి ఉంది మామయ్యా. అయినా ఆరు నిమిషాలు. వాళ్ళ దగ్గర ఏముంది?"

ఆమె టవల్ విప్పబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనియ్యవే. ఇంకాసేపు ఉండనియ్," అన్నాడు. ఆయన బుగ్గల మీద తడి మా టవల్‌దే అని ఊరంతా అనుకున్నట్టు నటించింది.

ఆ సాయంత్రమే కొక్కేలు కోయించారు. రాత్రిపూట వెనక తలుపు దగ్గర ఒక టీచరు మంచం వేయాలని, గొలుసు బదులు తీస్తే మోగే గంట కట్టాలని అపిసాయే చెప్పాడు. ఉనైసి బండి ముందు భాగం మీద కాగితం పెట్టి సంతకం చేసింది. అందుకున్న తంబువా మాట కూడా పోలేదు, సోమవారం లోపే సంతకం పడింది. ఇలైతియాకి ఆ రాత్రి నిద్ర పట్టి ఉంటుంది.

ఆమె గొలుసు చుట్ట చుట్టుకుని భుజాన వేసుకుంది. చర్చి సొత్తు అని ఒక పెద్దాయన నసిగాడు. ఉనైసి ఆగి, ఆయన్ని కాదు, మామనే చూసింది.

"సోమవారం తర్వాత ఎప్పుడైనా వస్తాను. చెప్పి రాను. ఆ తలుపుకి గొలుసు కనపడిందా, మళ్ళీ వసుగానే వస్తాను మామయ్యా. ఈసారి పది నిమిషాలు కాదు, తొమ్మిదినుంచి ఐదు దాకా అడుగుతాను."

అపిసాయి తల ఊపాడు. ఆమె బండెక్కి, తలుపు వేసుకుని, నడుపు నాయుడూ అంది.