ఏడవని వేషం

మా ఊరు పెనుగొండకి దగ్గర. ఏటా వేసవి సెలవుల్లో హైస్కూలు గ్రౌండులో నాటకాల పోటీలు జరిగేవి. పరిషత్తు అనేవాళ్ళం. ఎక్కడెక్కడి సమాజాల వాళ్ళో వచ్చి నాటకాలు వేసేవారు. మగ వేషాలకు ప్రతి సమాజంలోనూ బోలెడంతమంది ఉండేవారు గానీ, ఆడ వేషాలు వేసే స్త్రీలకే కరువు. అందుకని ఒకే నటిని రెండు మూడు సమాజాలు మాట్లాడుకునేవి. ఇవాళ ఒకరి నాటకంలో తల్లి, రేపు ఇంకొకరి నాటకంలో అత్త. తీరా ఉత్తమ నటి బహుమతి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తనతో తనే పోటీ పడాల్సి వచ్చేది. ఇది మా ఊళ్ళో ఎవరికీ వింతగా తోచేది కాదు. నాకు మాత్రం తోచేది. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. పక్కింట్లో ఏం కూర వండారో తెలుసుకోకపోతే అన్నం సహించని మనిషిని.

ఆ ఏడు అలాంటి నటి ఒకావిడ మా ఇంట్లోనే దిగింది. నాన్నగారు పరిషత్తు కమిటీలో ఉండేవారు కాబట్టి ఆడ ఆర్టిస్టులకు మా ఇల్లే బస. ఆవిడకి ముప్పయ్యేళ్ళు దాటి ఉంటాయి. ఏమని పిలవాలో తెలియక నేను "ఏవండీ, ఏవండీ" అంటూ తిరుగుతుంటే, "అక్కా అనమ్మా, సరిపోతుంది" అంది. అంత చనువిచ్చాక ఇంక నేనెందుకు ఊరుకుంటాను? పెరట్లో నూతి చుట్టూ తిరుగుతూ ఆవిడ పోర్షన్ చదువుకుంటుంటే, వెనకాలే నేనూ తిరిగాను.

"మూడు నాటకాలు కదక్కా, కలిసిపోవా?"

"మూడిళ్ళలో వంట చేసేవాళ్ళు లేరేంటి? ఏ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలిస్తే చాలమ్మా."

మొదటి నాటకంలో ఆవిడ కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లి. రెండోదాంట్లో గయ్యాళి అత్త. మూడోది నాకు అర్థం కాలేదు. అందులో భర్త తనకి ఇంకో సంసారం ఉందని భార్య ఎదుట ఒప్పుకుంటాడు. ఆ రంగం మొత్తం ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంటుంది. ఒక్క మాట లేదు, ఒక్క చుక్క కన్నీరు లేదు.

"దీంట్లో మీకు డైలాగుల్లేవు కదా, ఇంకేం చేస్తారు?" అన్నాను.

"అదే తేలాలమ్మా" అని నవ్వింది. తర్వాత నూతి గట్టు మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. ఆ ఏడు ముఖ్య అతిథి ఒక సినిమా దర్శకుడు. ఉత్తమ నటికి తన తర్వాతి సినిమాలో వేషం ఇస్తానని కమిటీకి మాటిచ్చాడు. "ప్రైజు రాదేమోనని నాకు భయం లేదు. ఏ వేషానికి వస్తుందోనని భయం. సినిమా వాళ్ళు దేంట్లో చూస్తే దాంట్లోనే ఉంచేస్తారు. ఊరూరా తిరిగి ఏడ్చి ఏడ్చి విసుగెత్తిపోయానమ్మా. ఆ బియ్యం ఏరే ఆవిడకి వస్తే బావుణ్ణు."

మూడు నాటకాలూ ముందు వరసలో కూర్చుని చూశాను. ఏడుపు నాటకానికి గ్రౌండంతా ముక్కులు చీదింది. బియ్యం ఏరిన నాటకంలో ఆవిడ వేళ్ళు ఒకచోట ఆగాయి. అంతే, ఆగి మళ్ళీ కదిలాయి. వెనక ఎవరో "ఈవిడ మాటలు మర్చిపోయినట్టుందిరా" అన్నారు. లేచి వాడి నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

టీవీలో సినిమా అవార్డుల ఫంక్షను చూసి కమిటీ వారికి ఆ ఏడు కొత్త సరదా పుట్టింది. ముందు నామినేషన్లు చదవాలి, తర్వాత అతిథి కవరు చింపి పేరు చెప్పాలి. కవర్లకి కొత్తగా ఖర్చెందుకని, మా అక్క పెళ్ళిలో మిగిలిన శుభలేఖల కవర్లు ఇచ్చింది అమ్మ. నాలుగు మూలలా పసుపు కూడా ఉంది. నాన్నగారు మైకు ముందు గొంతు సవరించుకుని, తల్లి పాత్రకని ఆవిడ పేరు చదివారు. అత్త పాత్రకు మళ్ళీ ఆవిడ పేరే. మూడోసారి కూడా అదే పేరు వచ్చేసరికి గ్రౌండంతా గొల్లుమంది. నాలుగో పేరు కాకినాడ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయిది. తనకి రాదని ఆ పిల్లకే తెలుసు.

దర్శకుడు కవరు చింపి, తల్లి పాత్రకు అన్నాడు. ఒకటే ఈలలు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఒక్క క్షణం దిగాలుపడి, వెంటనే చేతులు జోడించింది. నాకు ఉక్రోషం ఆగలేదు. సభ అయ్యాక న్యాయనిర్ణేతల్లో పెద్దాయన దగ్గరికి పోయి, మూడోదానికి ఎందుకివ్వలేదండీ అని అడిగేశాను. ఆయన జాలిగా చూసి, "అందులో ఆవిడ నటించిందేముందమ్మా? బియ్యం ఏరుకుంటూ కూర్చుంది" అన్నారు.

దర్శకుడు మాట నిలబెట్టుకున్నాడు. ఆవిడ సినిమాలో ఏడ్చింది. సినిమా బాగా ఆడింది. ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ హీరోకో హీరోయిన్‌కో తల్లై ఏడ్చింది. మా అమ్మ మాత్రం వీధి వీధంతా "మా ఇంట్లో దిగిన ఆవిడేనండి" అని చెప్పుకునేది. ఈసారైనా వేరే ఏదన్నా చేస్తుందేమోనని నేను ప్రతి సినిమాకీ పరిగెత్తేదాన్ని. ఇంటర్వెల్‌కి ముందో తర్వాతో ఆ ఏడుపు రానే వచ్చేది. ఆవిడకి సుఖంగా కాఫీ తాగే సీను కూడా ఇవ్వరేమిట్రా అని తిట్టుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

అలా పదేళ్ళ పైనే గడిచాయి. నేను రాజమండ్రిలో లెక్చరరుగా చేరాను. పోలవరం దగ్గర గోదారి ఒడ్డున ఆవిడ షూటింగు జరుగుతోందని తెలిసి, కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కాను. ఆవిడ జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "నాన్నగారు బావున్నారా? నీ ప్రశ్నలు తగ్గాయా లేదా?" అంది.

ఆ రోజు సీను ఇది. ఒడ్డున బట్టలు ఉతుకుతున్న తల్లికి, పడవ బోల్తాపడి కొడుకు పోయాడని కబురొస్తుంది. దర్శకుడు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆవిడ అతని దగ్గరికి వెళ్ళి, "ఒక్కసారి ఏడవకుండా చేసి చూపిస్తానండి" అని అడిగింది. అతను సరేనన్నాడు.

కబురు తెచ్చినవాడు చెప్పాల్సింది చెప్పాడు. ఆవిడ విన్నది. చేతిలో ఉన్న చీరని పిండింది, దులిపింది. మళ్ళీ పిండింది. అందులో నీళ్ళు లేవు. అయినా పిండుతూనే ఉంది. లైటు పట్టుకున్నవాళ్ళతో సహా అందరూ కొయ్యబారిపోయారు. కట్ చెప్పడం కూడా మర్చిపోయాడు దర్శకుడు. ఇన్నాళ్ళకి దొరికింది అనుకున్నాను.

"అద్భుతంగా ఉందండీ" అన్నాడతను దగ్గరికొచ్చి. "కాకపోతే మన జనానికి ఎక్కాలి కదా. ఇంకొకటి, మామూలుగా, ఏడుస్తూ చేసేద్దామండీ."

"అలాగే బాబూ" అంది. ఎవరో గ్లిజరిన్ తీసుకొస్తే వద్దంది. కెమెరా తిరగడమే ఆలస్యం, బట్టలు వదిలేసి ఇసకలో కూలబడి ఏడ్చింది. అలాంటి ఏడుపు ఆవిడ పాత సినిమాల్లో కూడా నేను చూడలేదు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

ఆవిడ గొడుగు కిందికొచ్చి మొహం తుడుచుకుంటుంటే, నా ప్రశ్న నేను అడిగేశాను. "గ్లిజరిన్ లేకుండా అన్ని కన్నీళ్ళు ఎలా వచ్చాయక్కా?"

ఆవిడ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ముందు చేసింది పారేస్తారు కదమ్మా. అది తలుచుకున్నాను" అంది.

ఆ ఏడుపుకే ఆవిడకి ఉత్తమ సహాయనటి అవార్డు వచ్చింది. టీవీలో ఆవిణ్ణి వేదిక మీదికి పిలిచే ముందు ఆ ముక్క వేసి చూపించారు. మా అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "కొడుకు పోతే తల్లి పడే బాధ ఎంత బాగా చేసిందే!" అంది. అవునమ్మా అన్నాను.