మాస్టారి పాత గిటారు

నరసరావుపేటలో మా చర్చి పాటలకు నేను వాయించే గిటారు, వినుకొండ మాస్టారి దగ్గర నేర్చుకున్నదే. ఆయన దగ్గర పాత రెసోనేటర్ గిటారు ఉండేది. కడుపులో పళ్లెంలాంటి రేకు ఉండడంతో మైకు లేకపోయినా దాని మోత వీధి చివరిదాకా వినపడేది. దాన్ని అమ్మేస్తున్నారని తెలిసి, కొత్తది కొనే ఆలోచన మానుకుని వెళ్లాను.

“వద్దురా. చానా ఏళ్లది, మెడ వంగిపోయి స్వరాలు తప్పుతున్నాయి. కొత్తది కొనుక్కో,” అన్నారు.

ఆయన మాట నమ్మి హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించుకున్నాను. తళతళలాడుతుంది గానీ రేకు డబ్బాలా మోగుతుంది.

చూపిద్దామని తీసుకెళితే, గుమ్మంలోకే ఆయన వాయిస్తున్న పాత గిటారు వినిపించింది. ఒక్క స్వరమూ తప్పడం లేదు. లోపలికి వెళ్లి దాన్ని అందుకుని, ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాను. తిన్నగా ఉంది.

“వంగిందన్నారు గదా మాస్టారూ?”

ఆయన నా వైపు చూడలేదు. “దీని మీద నువ్వు నాకంటే బాగా వాయిస్తావురా. అది నేను వినలేను. ముక్కూమొహం తెలియనోడికి అమ్ముకుంటా.”

అలాగే అమ్మేశారు. చర్చిలో ఎవరైనా బాగా వాయించావంటే, మా మాస్టారి చలవేనని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు.