డెబ్బయ్యో గంట

మా అమ్మమ్మ నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గడియారం. తొమ్మిదైతే తలుపు మూసేసేది, ఆలస్యంగా వచ్చినవాళ్లు బయటే. ఆ పేరు సంగతి ఆమెకు తెలియదని వాళ్లనుకునేవారు. నేనే చెప్పాను, నోరు ఊరుకోక. "చేతి గడియారమా, గోడ గడియారమా?" అని మాత్రం అడిగింది.

స్కూలు వెనక ఒంటి గదిలో ఉండేవాళ్లం. ముప్పై ఏళ్లుగా ఆమె అక్కడే ఉన్నా, ఆ తలుపు తట్టేది పాలవాడూ, తాళంచెవుల కోసం వచ్చే అటెండరూ అంతే. స్టాఫ్ రూములో కూడా ఆమె పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. అక్కడ కూర్చుంటే తమ మాటల్లో తప్పులు దిద్దుతుందని అందరికీ భయం. చదువు అబ్బక నేను పదిలోనే ఆగిపోయాను గనుక, ఆమెకు క్యారేజీ పట్టుకెళ్లి వెనక బెంచీలో కునికిపాట్లు పడటం నా ఉద్యోగం.

ఒక పాఠమంటే ఆమెకు మహా ప్రీతి. రోగికి వాడిన సూది మనకు గుచ్చుకుంటే ఏం చేయాలి? సబ్బునీళ్లతో కడగాలి, వేలు పిండకూడదు, వెంటనే చెప్పాలి, హెచ్ఐవీ రాకుండా మాత్రలు మొదలుపెట్టాలి. రెండు గంటల్లోపైతే మేలు, డెబ్బై రెండు దాటితే దండగ. నిద్రలో లేపి అడిగినా నేను కూడా చెప్పగలను.

ఒక గురువారం పది గంటలకు ఆ పాఠమే మళ్లీ అడుగుతోంది. ముందు బెంచీలోంచి బక్కపల్చటి అమ్మాయి లేచింది. క్లాసులో ఎప్పుడూ ఫస్టు.

"డెబ్బై రెండు, టీచర్."

"కూర్చో."

ఆ పిల్ల కూర్చోలేదు. "డెబ్బై అయిపోయినా ఇస్తారా టీచర్?"

వెనక ఎవరో నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. పుస్తకం మూసి, ఆ అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్లింది. చెవులు ఊరుకోవు కదా, నేనూ వెళ్లాను.

సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి జరిగిందట. సూదులు పడేసే డబ్బా వార్డుకు ఆ చివర ఉంటుంది. అంత దూరం మొన బయటపెట్టుకుని నడవలేక పిల్లలు సూదికి మళ్లీ మూత పెట్టి జేబులో వేసుకుంటారు. పెట్టొద్దని అందరికీ తెలుసు, అందరూ పెడతారు. ఈ పిల్లకు మూత తప్పి సూది వేల్లోకి దిగింది. ఆ సూది వాడిన రోగికి హెచ్ఐవీ ఉందని కేసు షీట్లోనే రాసి ఉంది.

"అప్పుడేం చేశావ్?"

"వేలు పిండి స్పిరిట్ పోశాను."

"పిండొద్దని పరీక్షలో రాసింది నువ్వే కదే. అయిదుకి అయిదు వేశాను."

"మూత పెట్టానని సిస్టర్ తిడతారని... ఇంట్లో ఆ జబ్బు పేరు వింటే చదువు మాన్పిస్తారు టీచర్."

"తిట్లు నేను తింటాలే. నడు."

మోకాళ్ల నొప్పితో గది దాటడానికే ఆపసోపాలు పడే మనిషి ఆస్పత్రి వైపు అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. క్యారేజీ పట్టుకుని వెనకాల పరిగెత్తాను. డాక్టరు రక్తం తీయించి, మొదటి మాత్ర మింగించేసరికి పన్నెండుకు పావుగంట తక్కువ. "ఇంత ఆలస్యమయ్యాక గట్టిగా ఏమీ చెప్పలేం," అన్నాడు.

ఇరవై ఎనిమిది రోజుల మందు. హాస్టల్లో మింగితే ఎందుకని అడుగుతారని ఆ అమ్మాయి రోజూ సాయంత్రం మా గదికి వచ్చేది. కడుపులో తిప్పితే మా మంచం మీదే పడుకునేది. నన్ను చూసి తనూ అమ్మమ్మా అనడం మొదలుపెట్టింది. మా గడియారం ఆ రోజుల్లో ఎంత వాగేదంటే, నాకు ఒక్క మాట దూర్చే సందు దొరికేది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకూ సూది గుచ్చుకుందనీ, ఈ మందు దొరకని రోజులవడంతో ఎవరికీ చెప్పక ఆరు నెలలు ఒక్కతే భయపడిందనీ నేనూ అప్పుడే విన్నాను.

మాత్రలు అయిపోయాయి. రావడమూ అయిపోయింది. వరండాలో ఎదురైతే ఆ పిల్ల ఇంకో వైపు తిరిగిపోయేది.

మూడు నెలలకు చివరి రక్తపరీక్ష కాగితం పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఏమీ లేదని తేలింది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"లోపలికి రా, కూర్చో."

"డ్యూటీ ఉంది టీచర్. వస్తాను టీచర్."

నాకు ఒళ్లు మండింది. "ఇరవై ఎనిమిది రోజుల మనవరాలు. మళ్లీ నిన్ను టీచర్ని చేసి పోయింది."

"ఊరుకోవే. నన్ను చూస్తే దానికి ఆ భయమే గుర్తొస్తుంది. మరిచిపోనీ."

కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది. నేనే ఏదో ఒకటి వాగుతూ కూర్చున్నాను, చీకటి పడేదాకా.