నూనె పూసిన తూటాలు

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతుంటే, దాని దెబ్బ వచ్చి మా మామ శనక్కాయ చేను మీద పడిన కాలం అది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో కిరసనాయిలు, పంచెల గుడ్డ, అగ్గిపెట్టె ఒక్కొక్కటే అంగళ్ళలోంచి మాయమైనట్టే, చిక్కబళ్ళాపురంలో తుపాకి సామాను అమ్మే అంగడిలోంచి తూటాలు కూడా మాయమయ్యాయి. బాగేపల్లి పక్కన మా పల్లెలో సర్కారు పరవానిగె, అంటే లైసెన్సు, ఉన్న తుపాకి ఒక్కటే, అది మా మామది. తూటాలు దొరకడం లేదన్న సంగతి గుట్టల్లోని అడవిపందులకు ఎవరు చెప్పారో ఏమో (ఆ అనుమానం నాకిప్పటికీ తీరలేదు), సరిగ్గా కాయ ఊరే వేళకు, పొద్దు వాలగానే మందగా దిగివచ్చి మొక్కలు పెళ్లగించి తినిపోయేవి. ఆ ఏడు వానలు మోసం చేసి ఊళ్ళో తక్కిన చేలన్నీ ఎండిపోయాయి. బావి నీళ్ళతో బతికింది మామ చేనొక్కటే. మరుసటి ఏటికి ఊరందరికీ విత్తనం అక్కడినుంచే రావాలి. ఆ చేను కూడా పోతే, వాన పడినా విత్తేందుకు ఎవరింట్లోనూ గింజ ఉండదు.

ఆ విత్తనాన్ని కాపాడింది నేనేనని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వింటూ మీసం దువ్వుకున్నాను. మీసం నెరిసిపోయింది కాబట్టి ఇక నిజం చెప్పేస్తాను.

మామ దగ్గర కాల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలు ఒక గోతంలో పడి ఉండేవి. వాటిని శుభ్రం చేసి, అడుగున కొత్త టోపీ బిగించి (తుపాకి నొక్కితే నిప్పు పుట్టించేది ఆ బొట్టంత టోపీయే), మందూ సీసపు గుండ్లూ నింపితే మళ్ళీ తూటాలవుతాయి. నింపడం మామకు వచ్చు. మందూ, టోపీలూ, గుండ్లూ కూడా కొద్దిగా మిగిలాయి. కానీ ఆ డొల్లలు బయట చిలుము, లోపల మసి. సరిగ్గా ఆ సమయానికి నేను చింతామణిలో పాత్రల అంగడిలో రెండేళ్ళు పనిచేసి, సరుకు రాక అంగడి మూతపడితే ఇంటికొచ్చి కూర్చున్నాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇత్తడి గురించి నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదని గట్టి నమ్మకం.

"ఏమల్లుడూ, ఇవి తోమేది నీతో అయితాదా?" అన్నాడు మామ.

"ఇట్లియ్యి మామా. చింతామణిలో బండ్లకు బండ్లు తోమినోణ్ణి నేను!"

రెండు రోజులు అరుగు మీద కూర్చుని చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాను. ఎదురింటి నశ్యం తాత (నశ్యం పీల్చకుండా ఒక్క మాట కూడా మాట్లాడడు గనక ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది) వచ్చి, "ఏందప్పా, పందులకు పెండ్లి చేస్తాండావా, ఇంత మెరుగు పెడ్తాండావే?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. చివరికి మా అంగడి పద్ధతి ప్రకారం, మెరుగు చెడకుండా ప్రతి డొల్లకూ శనక్కాయ నూనె పూశాను, లోపలా బయటా. అంగడిలో చెంబులకు అలాగే పూసేవాళ్ళం, కొనేవాళ్ళ కళ్ళు చెదిరేవి. ఇది చెంబు కాదు, దీని కడుపులో మందు పోస్తారు అన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆ సాయంత్రం ఊళ్ళో సగం మంది చేను గట్టున చేరారు. మంద దిగింది. ముందు నడిచే పెద్ద పంది ముప్పై అడుగుల దూరంలోకి వచ్చాక మామ తుపాకి నొక్కాడు. టుస్సుమంది. గుండ్లు గొట్టం మూతి దాటి నాలుగడుగుల్లోనే, ఎవరో ఆవాలు చల్లినట్టు మొక్కల మీద రాలాయి. పంది తలెత్తి మామ వైపు చూసింది. పరుగెత్తింది మామ.

"తుపాకికి జలుబు చేసుండాది, శొంఠి కషాయం పోయండప్పా!" అని నశ్యం తాత అరిచాడు. గట్టు మీద నవ్వులు. నవ్వుతుండగానే పందులు నాలుగు మడులు తినేశాయి. నవ్వులు ఆగిపోయాయి.

ఇంటికొచ్చాక మామ నావైపు చూశాడు. అప్పుడు నేనన్న మాటే ఇన్నేళ్ళుగా నా గొంతులో ముల్లు. "నేను బాగానే తోమిచ్చినా మామా. అత్తే వాటిని నీళ్ళబిందెల పక్కన పెట్టింది. తేమ తగిలుండాది" అన్నాను. అత్త అక్కడే ఉంది. నన్నొకసారి చూసి లోపలికి పోయింది.

మరునాడు మామ తక్కిన తూటాలు విప్పితే మందంతా జిడ్డు ముద్దయిపోయింది. ఇక మిగిలిన మందు ఆరు తూటాలకే వస్తుంది. మళ్ళీ తోమమన్నాడు. నేను అరుగెక్కి నూనె గిన్నె ముందు పెట్టుకున్నాను. అత్త వచ్చి ఒక డొల్ల తీసుకుని, చిటికెన వేలు లోపలికి పెట్టి తిప్పి, నల్లటి జిడ్డు నా ముఖం ముందు పెట్టింది.

"అప్పా, బయటి మెరుపెందుకు? పందికి అద్దం చూపిస్తావా? లోపల చూడు యాడుండాదో పని!"

పెరట్లో బూడిద నీళ్ళు తేర్చి పొయ్యి మీద పెట్టి డొల్లల్ని అందులో ఉడికించింది. పుల్లకు కొబ్బరిపీచు చుట్టి లోపల తోమింది. వేణ్ణీళ్ళతో రెండుసార్లు కడిగి, కాలే బండ మీద బోర్లించింది. నేను గుడ్డ తీసుకోబోతే "తుడిచేదొద్దు, ఎండే తుడుస్తాది" అని చెయ్యి తోసేసింది. నా వంతు పని నీడలో నిలబడటమే. మధ్యాహ్నానికి అవి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, మెరుపూ గిరుపూ లేకుండా, తేనె రంగులో పొడిగా ఉన్నాయి. చల్లారాక పళ్ళెంలో పెట్టుకుని మామ దగ్గరికి పోయింది మాత్రం నేను.

"నీ చేతి పనేనా?"

"ఇంకెవరు మామా!"

ఆ సాయంత్రం మొదటి తూటాకు గుట్టలు కూడా ఉలిక్కిపడ్డాయి. పెద్ద పంది ఉన్నచోటే కూలింది. రెండోదానికి ఇంకొకటి. తక్కినవి చేను కంచె తెంచుకుని పారిపోయాయి. మరో రెండు సాయంత్రాలు తుపాకి చప్పుడు విన్నాక గుట్ట దిగడమే మానేశాయి. కాయ పెరికి, ఎండబెట్టి, మామ ఊరందరికీ విత్తనం కొలిచి ఇచ్చిన రోజున నశ్యం తాత నా భుజం మీద గుద్ది, "గెలిస్తివి కదప్పా!" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పేరేసంద్ర దాకా తుపాకులున్న రైతులు డొల్లలు మూటగట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను అరుగు మీద కాలు మీద కాలేసుకుని మూట అందుకునేవాణ్ణి. మూట వెనకదారిన పెరట్లోకి పోయేది. అత్త పొయ్యి వెలిగించేది.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు ఇక ఆగలేక అత్త ముందు కూర్చుని, నూనె సంగతీ, నీళ్ళబిందె అబద్ధమూ, అంతా ఒప్పుకున్నాను. ఆమె పప్పు ఏరుతూ తలెత్తకుండానే, "ఓ, అదా? అది ఆ పొద్దే ఊరికంతా తెలుసు కదప్పా" అంది.

"మామకు కూడానా?"

"మామకు తెలీదా? గొట్టమంతా నూనె కంపు! నేను నీళ్ళు కాగబెడ్తాంటే నశ్యం తాత గోడమింద నుంచి చూస్తానే ఉన్న్యాడు."

"మరి ఒక్కరూ అనలేదే అత్తా!"

"యాల అనేది? నువ్వు ఆ లేతమీసం దువ్వుకుంటా ఈదిలో పోతాంటే, ఆడోళ్ళమంతా తలుపు సందుల్లో చూసి కడుపుబ్బా నవ్వుకుంటాంటిమి. చెప్తే ఆ నవ్వు పోదా?" అని, పప్పులోంచి ఒక రాయి ఏరి పారేసి, "నీళ్ళబిందె మాటకు మాత్రం నాకు కోపమొచ్చింది. నాలుగు దినాలు నీకొక్కనికే ఉప్పు లేని ఉలవచారు పోస్తి. నువ్వు కనుక్కోనే లేదు" అంది.

ఎలా కనుక్కుంటాను? ఆ నాలుగు రోజులూ నాకు బాగా గుర్తున్నాయి. ఊరంతా నన్నే చూస్తోందన్న సంబరంలో, అత్త చారు ఇంత రుచిగా ఎన్నడూ కాయలేదనుకుంటూ, మారు అడిగి పోయించుకుని తాగాను.