ఏడో వరుస

అది నా చిన్నప్పటి ఒక ఆదివారం, పగటిపూట రెండు గంటలు. మొన్న మనుమరాలు పలక మీద రాస్తుంటే, సుద్ద వాసనకు ఆ గడియ మళ్ల యాదికొచ్చింది.

మాది బొగ్గుబాయి క్వార్టర్. నన్ను బడికి తోలలేదు. అక్షరాలు అరవై దాటినంక నేర్చుకున్న. బడికి పోయే మా అన్న సాయిలు ఆ దినం గోడ మీద సుద్దతోని 142857 అని రాసిండు. "చూడే, రెండుతోని గుణిస్తే 285714, మూడుతోని గుణిస్తే 428571. ఆరు దాకా గవే అంకెలు, జాగలే మారుతయి" అనుకుంట ఒకదాని కింద ఒకటి ఆరు వరుసలు రాసిండు.

బాయిల దిగే మా బాపు గ్యాంగుల గూడ ఆరుగురే. గా అంకెలు వాళ్లే అనుకున్న.

"మరి ఏడుతోని?" అని అడిగిన.

వాడు 999999 అని కింద రాసిండు. చదువరాకున్నా ఆనవాలు పట్టిన. పాత ఆరింట్ల ఒక్కటి గూడ లేదు.

సోమవారం నుంచి లెక్కేస్తే ఆ దినం వారంల ఏడోది. సెలవైనా బాపు డ్యూటీకి బయలెల్లిండు. ఆయన బూట్లు కావలించుకొని ఏడ్చిన. "ఇయ్యాల పోకు బాపూ, ఒక్కలు గూడ తిరిగిరారు!"

"నీ ఏడుపు పాడుగాను, అంకెలు చెప్పినట్టు బాయి నడుస్తదా?" అని నన్ను కన్న అవ్వ తిట్టింది. బాపు నవ్వి బూట్లు గుంజుకున్నడు. పోతపోత భుజం మీది తువ్వాలతోని ఆ ఏడో వరుస తుడిచిండు.

రాత్రి మంచిగనే వచ్చిండు. బాపు గా లెక్కను నమ్మలేదనే ఇన్నేండ్లు అనుకున్న. నమ్మనోడు ఎందుకు తుడుస్తడు?

ఆనాడు ఆ ఇంట్ల ఉన్నది బాపు మల్లయ్య, అవ్వ లచ్చవ్వ, అన్న సాయిలు, నేను. భయం నలుగురికీ ఉండెనని గిప్పుడు సమజైంది, ఏడ్చింది నేనొక్కదాన్నే.