అత్త ఆదివారం చీర

మొన్న సబ్బవరం నుంచి అనకాపల్లి వస్తుంటే మా బస్సు ఉన్నట్టుండి రోడ్డు పక్కకి ఒదిగింది. వెనక నుంచి గంట కొట్టుకుంటూ ఫైరింజన్ దూసుకుపోయింది. అందరూ కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. నేను మాత్రం చర్చిలో పాటకి లేచినట్టు లేచి నిలబడ్డాను. పక్కసీటావిడ నా మొహం ఒకసారీ, నెరిసిన జుట్టు ఒకసారీ చూసి, కొంచెం అవతలికి జరిగి కూర్చుంది. ఆవిడ తప్పేం లేదు. ఆవిడకి మా మేనత్త తెలీదు కదా.

మా అత్తకి వారంలో ఆరు రోజులు ఏ చీరైనా ఒకటే. ఆదివారం మాత్రం గంజిపెట్టిన తెల్లచీర ఉండాల్సిందే. పోనీ ఆరాధన అయిపోయాక మారుస్తుందా అంటే, అదీ లేదు. పొద్దుపోయేదాకా ఆ చీరతోనే వంటా, గొడ్లూ, తోటా. "మల్లెపూవులాగెల్తాది, బొగ్గులబస్తాలాగొత్తాది" అని మావయ్య ఏడిపించేవాడు. ఆ మాట నిజమైన ఆదివారం ఒకటుంది. రెండువేలు దాటిన కొత్తలో, మార్చి ఎండల్లో. నేను అప్పటికి టీచరుద్యోగంలో కుదురుకుని, సెలవురోజని వాళ్ళింటికి వెళ్ళాను.

మా వైపు చెరకు నరికాక, మోళ్ళ మీద మిగిలిన ఎండాకుని చేలోనే తగలబెట్టి, ఆ తరవాత నీరు పెడతారు. అది ఎవరైనా పొద్దున్నే చేస్తారు. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి లేచి మంటని కొండవైపు తోస్తుంది. మర్నాడు కాలవ నీటి వంతు మావయ్యది. ఊళ్ళో మిగతా రైతులు తెల్లారగానే ముట్టించుకుని చల్లగా ఇళ్ళకి పోయారు. మావయ్యకి ఆరాధన కాకుండా ఆదివారం అగ్గిపుల్ల గీయడం ఇష్టం లేదు. ఆ రోజే మా పాస్టరు అయ్యగారికి ప్రసంగం ఎంతకీ తెగలేదు. చర్చి నుంచి తిన్నగా చేలోకి వెళ్ళి మావయ్య ముట్టించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అత్త ఏమో రాలిన జీడిపిక్కలు ఎవరైనా ఏరుకుపోతారని, అన్నం కూడా తినకుండా కొండమీది తోటకి వెళ్ళింది. ఆ సంగతి మావయ్యకి తెలీదు.

గాలి తిరిగింది. మంట గట్టు దాటి కొండగడ్డిని అందుకుంది. గడ్డి నుంచి జీడితోటలోకి పాకింది. అన్నానికి పిలుద్దామని చేలోకి వెళ్ళిన నేను, అత్త తోటలో ఉందని చెప్పగానే మావయ్య తలగుడ్డ విసిరేసి పరుగెత్తాడు. పొగ చూసి ఊళ్ళోంచి వచ్చినవాళ్ళు నలుగురు పట్టుకుంటేగాని ఆగలేదు. "నానే ముట్టించేను, నానే సంపీసేను దాన్ని" అని చేతులు నేలకేసి కొట్టుకున్నాడు. ఎవరో రోడ్డుమీది టెలిఫోను బూత్‌కి సైకిలేసుకుపోయారు.

ఫైరింజన్ వచ్చింది గాని, చెరకు గట్ల మీద అంత బండి ఎలా వెళుతుంది? ఊరి చివరే ఆగిపోయింది. ఫైరువాళ్ళు ముగ్గురు గోనెసంచులు తడిపి భుజాన వేసుకుని, పచ్చికొమ్మలు విరుచుకుని, నడిచే బయల్దేరారు. మావయ్య మళ్ళీ వెంటబడ్డాడు. వాళ్ళలో పెద్దాయన, మీసాలాయన, మావయ్య గుండెమీద చెయ్యేసి ఆపాడు. "నువ్వొత్తే ఇద్దర్ని మొయ్యాల మామా. కూకో. ఆవిణ్ణి తెత్తాం."

పొగలో ఎటు వెళ్ళాలో ఎవరికి తెలుసు? చెట్లూ కనబడవు, దారీ కనబడదు. అప్పుడు గాలి కాస్త పొగని పక్కకి లాగింది. పైన ఒక బండరాయి మీద తెల్లగా ఏదో కదిలింది. "అదిగో, సీర!" అని మీసాలాయన కేకేశాడు. చుట్టూ మంట కొమ్మకొమ్మకీ ఎక్కుతోంది. ఆ ముగ్గురూ తడిగోనెలతో బాదుకుంటూ, ఒక్క మనిషి పట్టే సందు చేసి అందులోకి దూరారు. ఆ తరవాత మాకేమీ కనబడలేదు. మావయ్య పైకి చూడలేక మట్టిలో మొహం పెట్టేసుకున్నాడు. నాకు వచ్చిన ప్రార్థనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

వాళ్ళు వచ్చింది మేము చూస్తున్న వైపు నుంచి కాదు. అప్పటికే కాలిపోయి నల్లబడ్డ నేల మీదుగా, పక్కనుంచి దిగారు. అత్త చెప్పులు ఎక్కడో పోయాయి, నేలేమో నిప్పు. అందుకని మీసాలాయన ఆవిణ్ణి వీపుమీద వేసుకున్నాడు. ఆయన కనుబొమలు మాడిపోయాయి, ముంజేతుల మీద బొబ్బలు. అత్త మాత్రం ఆయన భుజం మీద కొడుతోంది. "దింపు నాయనా! ఊరంతా సూత్తన్నారు, సిగ్గు కాదేటి?"

"సూడనీయమ్మా. బతికున్నావని సూత్తన్నారు" అన్నాడాయన రొప్పుతూ.

గట్టుమీద దించగానే అత్త మావయ్యని పైనుంచి కిందికి చూసింది. "పొయ్యిమీద పప్పెట్టెల్లేను. దించేరా?" అంది. మావయ్య నవ్వబోయి బావురుమన్నాడు. నేనూ అంతే. పప్పు మాడి బొగ్గయిపోయిందని ఇంటికెళ్ళాకగాని తెలీలేదు. అంత రుచైన ఉత్తన్నం నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు.

మా వాళ్ళలో కొత్త బెల్లం వండినప్పుడు మొదటి పెనంలో దిగిన దిమ్మ కోతపండగనాడు చర్చికి ఇస్తారు. ఆ ఏడు అత్త సగమే తెచ్చింది. మిగతా సగం ఏదమ్మా అని అయ్యగారు అడిగితే, "ఫైరాఫీసుకి అంపేనండి. అదీ దేవుడికే, దారే ఏరు" అంది. అయ్యగారు ఆ రోజు ప్రసంగం తొందరగా ముగించారు. ఆ తరవాత ఏటేటా బెల్లం సగం సగమే. ఆ తెల్లచీరని ఎంత ఉతికినా మసి వదల్లేదు. అత్త పారేయనూ లేదు. మావయ్య మళ్ళీ బొగ్గులబస్తా అనలేదు. ఆవిడ తిడుతుంటే తలొంచుకుని, పాట వింటున్నట్టు వినేవాడు.

అత్త పండు ముసలిదై, మనవల పెళ్ళిళ్ళలో పాటలు పాడి, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. కాలం దానంతట అదే వస్తుందనుకుంటాం. మా అత్తకి మాత్రం ఆ తరవాతి కాలమంతా ఒకాయన వీపుమీద మోసుకొచ్చి ఇచ్చాడు.